సుంకమ్మక్క కుట్టిన చెవి తొడుగులు

మొన్న బీరువా మీది సంచీ దులుపుతుంటే ముంజేతుల మీద నల్లటి పొట్టు రాలింది. వేయించిన శనక్కాయలు నలిపితే రాలే పొట్టులాగే ఉంది కానీ ఊదితే ఎగరలేదు, చర్మానికి అంటుకుంది. పాతబడ్డ రబ్బరు వాసన, దాని అడుగున జీన్స్ గుడ్డ వాసన. సంచీ విప్పకముందే లోపల ఏముందో తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళ కింద నేను కొన్న హెడ్‌ఫోన్లు. చెవి మొత్తం కప్పేసే పెద్ద గిన్నెల రకం. గిన్నెల అంచున ఉన్న రెక్సిన్ ఎప్పుడో ఊడిపోతే, దాని మీద ఒకామె జీన్స్ గుడ్డతో తొడుగులు కుట్టింది, బంగారు రంగు దారంతో, రెండు వరసల కుట్టుతో. లోపలి స్పాంజి పొడి అయిపోయింది, ఒక పక్క వైరు తెగింది, ఆ కుట్టు మాత్రం పోగు కదల్లేదు. అలవాటు కొద్దీ రెండు బొటనవేళ్ళతో గుంజి చూశాను.

ఆమె పేరు సుంకమ్మ. మేమంతా సుంకమ్మక్క అనేవాళ్ళం. ఇప్పుడు నేను బుక్కరాయసముద్రంలో పన్నెండు మిషన్లతో చిన్న కుట్టు షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు నా వెనకాల నన్ను అనుమానాలక్క అంటారని నాకు తెలుసు. అననీ, నాకేం నష్టం. దారం ఉండ తెచ్చినవాణ్ణి నమ్మను, కరెంటు బిల్లు తెచ్చినవాణ్ణి నమ్మను, తలనొప్పి అని సెలవడిగిన పిల్లనైతే అసలు నమ్మను. ఈ గుణం నాకు పుట్టుకతో రాలేదు. మా నాయన అందరి మాటా నమ్మే మనిషి, వాన వస్తుందని రేడియోలో చెబితే చాలు విత్తనం చల్లేసేవాడు. అనుమానించడం నాకు నేర్పింది సుంకమ్మక్క. దాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అది తెలిసొచ్చేసరికి ఆమెకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను.

మాది యాడికి పక్క పల్లె. వరసగా మూడేళ్ళు శనక్కాయ చేను కాయ పట్టకుండానే ఎండిపోయాక, ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్న నన్ను మా నాయన రాయదుర్గంలో మేనత్త ఇంటికి పంపాడు. అక్కడ ఇంటికొకరు జీన్స్ కుట్టే పనిలో ఉండేవాళ్ళు. మా అత్త తెలిసినవాళ్ళకు చెప్పి నన్ను ఊరి చివర ఒక రేకుల షెడ్డులో పెట్టించింది. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. షెడ్డులో అడుగుపెట్టిన మొదటి నిమిషంలోనే వెనక్కి పోదామనిపించింది. అరవై మిషన్లు, మందపాటి గుడ్డ మీద ఒకేసారి పరుగులు. ఆ మూల ఇత్తడి బటన్లు గుద్దే మిషను, కరెంటు పోతే జనరేటరు, ఇవన్నీ చాలవన్నట్టు పైన రేకులు ఆ చప్పుడునంతా తిరిగి మా నెత్తిన పోసేవి. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ అందరూ వేళ్ళతో మాట్లాడుకునేవాళ్ళు. చిటికెన వేలు ఎత్తితే బాబిన్‌లో దారం అయిపోయిందని. రెండు వేళ్ళు ఎత్తితే సూది విరిగిందని. అరచెయ్యి చూపితే ఆపమని. మా బడిలో చిటికెన వేలు ఎత్తితే బయటికి పోవడానికే. మొదటిరోజు నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అది ఎత్తుతుంటే నాకు నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు చూసే సుంకమ్మక్క నా దగ్గరికి వచ్చింది. మా వరస మిషన్ల లైనుకు పెద్ద ఆమె. నలభై దాటి ఉంటాయి, పొడగరి, ఎడమ ముక్కుకు రాయి పుడక. నడుస్తూ ప్రతి మిషను బల్ల మీదా అరచెయ్యి ఆన్చేది. అలా ఆన్చి, ఏ మిషనులో ఏ మర వదులైందో చెప్పేది. నేను కుట్టిన మొదటి జేబు తీసుకుని రెండు బొటనవేళ్ళతో గుంజింది. కుట్టు పటపటా విడిపోయింది. నా ముఖం దగ్గరికి వంగి చెప్పింది: "మిషన్ని నమ్మొద్దు. దారాన్ని నమ్మొద్దు. నేను బాగుండాదంటే అది గూడా నమ్మొద్దు. గుంజి సూడు." నేనేదో జవాబు చెప్పాను. "ఊఁ" అని వెళ్ళిపోయింది. ఆమెకు ఎవరేం చెప్పినా ఊఁ అనేది. ఇంకోసారి చెప్పమని అడగ్గా నేనెప్పుడూ చూడలేదు. అది పెద్దరికం అనుకున్నాను.

ఆమెంటే గౌరవం వచ్చిన నెలలోపే భయం పట్టుకుంది. మేం మాట్లాడుకున్న మాటలు ఆమెకు తెలిసిపోయేవి. నా పక్క మిషను నాగరత్నది, మంచి మాటకారి. ఒకరోజు పని మధ్యలో ఆమె వైపు వంగి, సుంకమ్మక్క చూపు పడితే పాలు కూడా విరిగిపోతాయని అన్నాను. అక్క అప్పుడు షెడ్డు అవతలి గోడ దగ్గర ఉంది. సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే నా భుజం తట్టి, పాలు విరిగితే బెల్లం వేసుకుని తినమని చెప్పి వెళ్ళిపోయింది. అంత దూరం, అంత చప్పుడులో, ఎలా తెలిసింది? నాగరత్న చెప్పి ఉండాలి. ఇంకెవరు చెబుతారు? మళ్ళీ రెండుసార్లు అలాగే జరిగింది. నాగరత్న వాళ్ళమ్మ మీద ఒట్టు పెట్టి మొత్తుకుంది. ఒట్టు పెట్టిందంటేనే తప్పు చేసిందని లెక్క అనుకున్నాను నేను. ఆమెతో మాట్లాడడం మానేశాను, మిగతావాళ్ళ చేత కూడా మాన్పించాను. చాడీలకోరని పేరు పెట్టింది నేనే. ఏడు నెలలు ఆ పిల్ల ఒంటరిగా కూర్చుని అన్నం తిన్నది.

హెడ్‌ఫోన్లు కొన్నది ఆ రోజుల్లోనే. ఇంటికి పోయి పడుకున్నా చెవుల్లో హోరు ఆగేది కాదు. మా మేనమామ నాకు పాత వాక్‌మన్ ఒకటి ఇచ్చాడు, దానితో వచ్చిన చిన్న ఇయర్‌ఫోన్లు షెడ్డు చప్పుడు ముందు ఎందుకూ పనికిరాలేదు. పండక్కి బట్టలు కొనడానికి అనంతపురం పోయినప్పుడు బస్టాండు పక్క అంగట్లో ఇవి కనపడ్డాయి. అంగడాయన నా చెవులకు తొడిగి పాట పెట్టాడు. ఒక్కసారిగా రొమ్ములో ఎవరో గుద్దినట్టయింది. బజారు చప్పుడు సగం ఆగిపోయింది. అంత చవకగా అంత మోత ఎలా వస్తుందని నాకు అనుమానం. తీసి వైరు గుంజాను, మడత దగ్గర వంచాను, గిన్నెలు రెండూ పట్టి సాగదీశాను. కొంటావా, విరగ్గొట్టి పోతావా అని అంగడాయన చిరాకు పడ్డాడు. విరక్కపోతేనే కొంటానన్నాను.

నిజం చెప్పాలంటే అంత మంచివేం కావు. ఢమఢమలు మాత్రం బ్రహ్మాండం. పాడే మనిషి గొంతు మాత్రం కుండలో తల పెట్టి పాడినట్టు వినపడేది, వీణ ఉందో లేదో తెలిసేది కాదు. అంత లావు చప్పుడు పెట్టి ఏదో దాస్తున్నారని నాకు గట్టి నమ్మకం. గంట పెట్టుకుంటే కమ్మల మరలు చెవి వెనక గుచ్చుకునేవి. ఎండాకాలం గిన్నెల లోపల చెమట కారేది, తల్లో పూలు పెట్టుకున్న రోజు పైపట్టీ కింద నలిగి పచ్చడయ్యేవి. జీన్స్ నూగు పట్టి నెలకే స్పాంజి నీలంగా మారింది. అయినా షెడ్డు చప్పుడు దూరమయ్యేది కదా, అదే చాలనుకుని పనిలో పెట్టుకుని కూర్చున్నాను. రెండో రోజే సుంకమ్మక్క వచ్చి తీసేసుకుంది. వైరు మిషను చక్రంలో పడితే తలకాయ కూడా దాని వెంటే పోతుందని, మిషను సద్దు వినపడకపోతే చేతిలోకి సూది దిగుతుందని కోప్పడింది. శనివారం ఇస్తానని వాక్‌మన్‌తో సహా తన అరలో పెట్టుకుంది.

శనివారం దాకా ఆగే ఓపిక నాకెక్కడిది? వస్తువు ఒకరి చేతికి పోయిందంటే అది వాళ్ళదైపోయినట్టే అని నా లెక్క. మూడోరోజు మధ్యాహ్నం, మిషన్లన్నీ ఆగి అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, అక్క కనపడలేదు. వెతుక్కుంటూ గుడ్డ చుట్టలు పెట్టే గదికి పోయాను. చుట్టల మధ్య నేల మీద కూర్చుని ఉంది. చెవులకు నా హెడ్‌ఫోన్లు. ఒడిలో నా వాక్‌మన్. నేను అనుకున్నదే నిజమైంది! మాకు వద్దని చెప్పి తాను వింటున్నది. వాకిట్లోంచి అక్కా అని పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. పలకలేదు. చెవులకు పెట్టుకుంది కదా, వినపడదులే అనుకుని దగ్గరికి పోయాను. గిన్నెలు దాటి బయటికి వచ్చే చప్పుడు నాకు మూడు గజాల దూరం నుంచే స్పష్టంగా వినపడుతోంది. అంత చప్పుడు చెవిలో పెట్టుకుని ఎవరైనా కూర్చోగలరా? వాక్‌మన్ మీద సౌండు పెంచే చక్రం చూస్తే చివరికంటా తిప్పి ఉంది. ఆమె కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో మోకాలి మీద తాళం వేస్తోంది. బుగ్గలు తడిసి ఉన్నాయి.

ఆ క్యాసెట్టు మా మేనమామ జాతరలో రికార్డు చేసినది. ఉరుముల వాయిద్యం. ఉరుము అంటే మా వైపు జాతర్లలో వాయించే పెద్ద వాద్యం, తోలు మీద పుల్ల పెట్టి రాస్తే కడుపులోంచి మూలుగు వచ్చినట్టు గురగురమంటుంది. నేను భుజం మీద చెయ్యి వేయగానే సుంకమ్మక్క ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీసేసింది. ఆమె చేసిన మొదటి పని నా మూతి వైపు చూడడం. ఆ చూపుతో నాకు అంతా అర్థమైపోయింది. చెవులు వినపడవా అక్కా అని అడిగాను, గొంతు లేకుండా, పెదాలు మాత్రం కదిపి. ఆమె వాక్‌మన్ ఆపింది. తర్వాత చెప్పింది.

"ముందు పిట్టల సద్దు పోయినాది. ఆ మీదట గాజులది. ఆ మీదట మాటల కొసలు పోయినాయి. ఇప్పుడు మీరు మాట్లాడితే ఎవురో గోడవతల గొణిగినట్లుంటాది. మీ మూతులు సూసి బతుకుతాండా."

ఆమె మొదటి పదేళ్ళు బటన్లు గుద్దే మిషను దగ్గర పనిచేసిందట. ఆమె నాయన ఉరుము వాయించే మనిషి. ఆయన పోయాక ఏ జాతరకు పోయినా ఆ గురగుర సరిగా అందలేదని, ఇవి పెట్టుకుంటే మళ్ళీ ఎముకల్లో దిగుతోందని చెప్పింది. నేను తిట్టుకున్న ఆ లావు చప్పుడే ఆమెకు అందే చప్పుడు. మిగతావి ఎలాగూ ఆమెకు లేవు. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. చెవుడని తెలిస్తే లైను ఎవరిస్తారు, పని పోతే తమ్ముని ఇంట్లో మరదలి మూతి చూస్తూ మూల కూర్చోవాలి, అది తనవల్ల కాదు అంది. నేను ఒట్టు పెట్టలేదు. ఒట్టు పెడితే నమ్మకూడదని ఆమెకూ తెలుసు. చెప్పనక్కా అన్నాను, అంతే.

ఆ సాయంత్రమే నాగరత్న దగ్గరికి పోయాను. ఆమె చాడీలు చెప్పలేదని నాకు తెలిసిందన్నాను. ఎలా తెలిసిందని అడిగింది. చెప్పడానికి లేదు. ఆమె నన్ను నమ్మలేదు, నేనైనా నమ్మను. సిగ్గుతో చచ్చిపోయాను ఆ రోజు.

తర్వాత ఆ హెడ్‌ఫోన్లు మా ఇద్దరివీ అయ్యాయి. మధ్యాహ్నం అన్నం తొందరగా తిని గుడ్డల గదిలో కూర్చునేవాళ్ళం. రెక్సిన్ ఊడి ఆమె చెంపలకు నల్లగా అంటుకుంటుంటే, కటింగులో మిగిలిన మెత్తటి ముక్కలు ఏరి తొడుగులు కుట్టింది. కమ్మల మరలు గుచ్చుకోకుండా వెనక వైపు రెండు పొరలు వేసింది. మడత దగ్గర ప్లాస్టిక్కు చిట్లితే బెల్టు పట్టీ ముక్క చుట్టి కుట్టేసింది. కంపెనీ చేసినదానికంటే ఈమె కుట్టినదే గట్టిగా నిలబడింది. పని లేని ఆ అరగంటలో ఆమె వేరే మనిషి. జీన్స్ తొడిగే పట్నం పిల్లల నడుములు ఎంత సన్నమో అని నవ్వేది, మా ఓనరు అబద్ధం చెప్పేముందు ముక్కు గోక్కుంటాడని చెప్పేది. నిజంగానే గోక్కునేవాడు.

ఒకటి మాత్రం నేను గమనించాను, గమనించి ఊరుకున్నాను. తొడుగులు వేశాక గిన్నెలు చెవికి బాగా అతుక్కుని, చప్పుడు బయటికి పోకుండా నిలిచేది. అందుకని చక్రం ఏడు దగ్గర పెట్టినా ఆమెకు చాలేది. కొన్నాళ్ళకు ఎనిమిది. దసరా నాటికి తొమ్మిది. మళ్ళీ చివరికంటా. మిషన్లు తిన్నది పోగా మిగిలిన చెవిని నేనిచ్చిన మోత తింటోందేమోనన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. ప్రతిదాన్నీ అనుమానించే నేను, దాన్ని మాత్రం గుంజి చూడలేదు. ఆ అరగంట పోతుందని భయం.

మరుసటి ఏడు షెడ్డుకు డాక్టర్ల క్యాంపు వచ్చింది. మా షెడ్డుకు పని ఇచ్చే బెంగుళూరు కంపెనీ వాళ్ళు చెవుల పరీక్ష చేయిస్తారని ఓనరు చెప్పాడు. ఎవరినీ పనిలోంచి తీసెయ్యబోమని, భయపడొద్దని రెండుసార్లు చెప్పాడు. అంతే, షెడ్డంతా గుప్పుమంది. తీసెయ్యకపోతే తీసెయ్యబోమని ఎందుకు చెబుతాడు? మా చెవుల మీద బెంగుళూరు వాళ్ళకు ఇంత ప్రేమ ఎందుకు? వినపడనివాళ్ళ పేర్లు రాసుకుని పంపించేస్తారని మధ్యాహ్నానికల్లా అందరికీ ఖాయమైపోయింది. ఆ రోజు ఓనరు ముక్కు గోక్కోలేదు. అది నేనూ చూశాను, సుంకమ్మక్కా చూసింది. చూసి కూడా నమ్మలేదు.

ఉపాయం నాదే. పరీక్ష గుడ్డల గదిలో పెట్టారు, చుట్టల వల్ల చప్పుడు రాదని. కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఒకాయన చిన్న మిషను ముందు కూర్చున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కీచుమని సన్నటి సద్దు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటాడు. నా వంతు ముందు అయిపోయింది. వాకిట్లో వరసలో నిలబడినవాళ్ళకు ఆయన వీపు కనపడుతుంది, ఆయన మీట నొక్కినప్పుడల్లా మిషను మీద చిన్న ఎర్ర దీపం వెలగడమూ కనపడుతుంది. కూర్చున్నవాళ్ళకు దీపం కనపడదు, మేం కనపడతాం. నేను అక్కకు చెప్పాను, నా చిటికెన వేలు చూడు అని.

ఆమెకంటే ముందు నాగరత్న వంతు. ఎడమ చెవికి ఏమీ రాలేదని ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిచ్చిది, పని పోగొట్టుకుందని మేమంతా జాలిపడ్డాం. తర్వాత సుంకమ్మక్క. హెడ్‌ఫోన్లు చేతికివ్వగానే అలవాటుగా వైరు గుంజి చూసింది. లాగొద్దమ్మా అన్నాడాయన. తొడుక్కుని, నిటారుగా కూర్చుని, ఆయన భుజం మీదుగా నన్ను చూసింది. దీపం వెలిగింది. నేను చిటికెన వేలు ఎత్తాను. ఆమె చెయ్యెత్తింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఎత్తాను. ఒక్కటీ తప్పలేదు. కాగితం మీద చెవులు రెండూ బాగున్నాయని రాసి ఇచ్చాడు. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు చిట్లింది.

వారం తర్వాత నాగరత్ననూ ఇంకో ఐదుగురినీ వెనక గదికి మార్చారు. దారాలు కత్తిరించే గది అది, మధ్యలో ఇటుక గోడ, మిషన్ల హోరు అక్కడికి రాదు. జీతం తగ్గించలేదు. ముందు అలా మార్చి తర్వాత తీసేస్తారని మేం కాచుకుని కూర్చున్నాం. నెల పోయింది, ఆరు నెలలు పోయాయి, ఎవరినీ తీయలేదు. మా ఓనరు దేవుడేమీ కాదు, కంపెనీ పట్టుబట్టింది కాబట్టి చేశాడు. అయినా చేశాడు. నాగరత్న కిటికీ పక్కన కూర్చుని దారాలు కత్తిరిస్తూ కూనిరాగాలు తీసేది. సుంకమ్మక్క మాత్రం అరవై మిషన్ల మధ్య తిరుగుతూనే ఉంది, చెవులు బాగున్న మనిషిగా.

నేనొకరోజు ధైర్యం చేసి చెప్పాను, పోయి నిజం చెప్పక్కా, నిన్నూ ఆ గదికి మారుస్తారు అని. ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను చెప్తే నీ యేలు బయటపడతాది. పని పోయేది నీకి. మీ నాయనకు యాడ చూసినా ఎండిన చేనే గదా." నేను వాదించలేదు. రాసేటప్పుడైనా నిజం రాయాలి కదా, ఆమె అలా అన్నందుకు నాకు లోపల హాయిగా అనిపించింది.

ఇంకో రెండేళ్ళు గడిచాయి. మధ్యాహ్నం అరగంట మేము మానలేదు. నేను బ్యాటరీలు మార్చి తెచ్చేదాన్ని, ఆమె తొడుగులు సరిచేసుకుని పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేసేది. ఒకరోజు అలా వేస్తుంటే నా చూపు వాక్‌మన్ అద్దం మీద పడింది. లోపల క్యాసెట్టు చక్రాలు తిరగడం లేదు. మీట నొక్కడం నేనే మరిచిపోయాను. ఆమె వేలు మాత్రం ఆగకుండా తాళం వేస్తోంది. కళ్ళు తెరిచాక ఎలా ఉందని అడిగాను.

"బాగుండాది," అంది.

నా ముఖం ఆమె ముందు ఏదీ దాచలేదు. ఒడిలో వాక్‌మన్ చూసుకుంది. హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి తొడుగుల మీద నూగు దులిపింది. "మూన్నెల్లాయె, ఆ సద్దు గూడా రాక. నువ్వు దినమూ బ్యాటరీలు తెస్తాంటివి. ఎట్ల చెప్పేది?" అంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

ఆ శనివారం ఆమే ఓనరు దగ్గరికి పోయి, తనకు ఏమీ వినపడడం లేదని, దారాల గదికి మార్చమని అడిగింది. ఆయన లోపలినుంచి క్యాంపులో రాసిన కాగితం తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టాడు. చెవులు రెండూ బాగున్నాయని రాసి ఉంది, కూర్చుని చేసే పనికోసం ఈ వయసులో ఈ నాటకమెందుకు అన్నాడు. మిషన్లు ఆపి అందరూ చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. నోరు తెరవబోతుంటే ఆమె ఇటు తిరిగింది. అరచెయ్యి చూపింది. ఆపు.

నేను కూర్చున్నాను. నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. ఆమె చెయ్యి చూపింది, నాకు కావలసిందీ అదే, కూర్చున్నాను. ఆ నెలాఖరుకు ఆమె పని మానేసి తమ్ముని ఇంటికి చేరింది. పోతూ హెడ్‌ఫోన్లు నా బల్ల మీద పెట్టి, వైరు నీటుగా చుట్టి పోయింది.

నా షెడ్డులో బాబిన్ దారం అయిపోతే చూపుడు వేలు ఎత్తమంటాను. రాయదుర్గంలో పని నేర్చుకుని వచ్చిన పిల్లలు అలవాటుగా చిటికెన వేలే ఎత్తుతారు. ఆ వేలు దించమ్మా అంటాను, ఎందుకో చెప్పను. దారాలు కత్తిరించే గదికి గోడ కట్టించాకే మిషన్లు పెట్టాను. పిల్లలతో ఎదురుగా నిలబడి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడతాను. నేను చెప్పినదానికి ఎవరైనా తొందరగా ఊఁ అన్నారో, అక్కడ నా అనుమానం మొదలవుతుంది. ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు అంటాను. చెప్పలేకపోతే మళ్ళీ చెబుతాను. మూడోసారి కూడా చెప్పలేకపోతే అనంతపురం చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతాను. విసుక్కుంటారు, నవ్వుకుంటారు. నన్నేమైనా అనుకోనీ.

షెడ్డు మొదలుపెట్టిన రోజు సుంకమ్మక్కను పిలుచుకొచ్చాను. అప్పటికి జుట్టు పూర్తిగా తెల్లబడింది. పన్నెండు బల్లల మీదా వరసగా అరచెయ్యి ఆన్చి, ఎనిమిదో మిషనులో మర వదులుగా ఉందని చెప్పింది. నిజంగానే ఉంది. అందరూ వెళ్ళాక ఆమె ఎదురుగా కూర్చుని, చేతులు పట్టుకుని, ఎన్నేళ్ళుగానో లోపల పెట్టుకున్నది చెప్పాను. నా వేలి వల్లే నీ చెవులు పోయినాయి అక్కా, ఆ రోజు ఓనరు ముందు నేను మాట్లాడాల్సింది, నన్ను క్షమించు అన్నాను. ఏడుస్తూ చెప్పాను, పెదాలు సరిగా కదిలాయో లేదో నాకు తెలియదు. ఆమె నా మూతి వైపే చూస్తూ ఉంది. నేను ఆపాక నా తల నిమిరి "ఊఁ" అంది. ఆ తర్వాత ఏడాదికి పోయింది.

అందరినీ అడుగుతాను, నేనేం చెప్పానో చెప్పమని. ఆ ఒక్కరోజు మాత్రం అడగలేదు.